504 అదనపు గొట్టాలు

మన దగ్గర అణుబాంబు ప్రస్తావన వస్తే, మాట ఎటు తిరిగినా చివరికి ఓపెన్‌హైమర్ గీతా శ్లోకం దగ్గర వాలుతుంది. లేకపోతే ఐన్‌స్టైన్ సమీకరణం దగ్గర. నల్లబల్ల, సుద్దముక్క, రేగిన జుట్టు, ఎడారిలో మెరుపు. బొమ్మ బాగానే ఉంటుంది. నా అభ్యంతరం ఒక్కటే: డబ్బు ఎక్కడ ఖర్చయిందో ఆ బొమ్మలో కనిపించదు.

చిట్టా తెరిచి చూద్దాం. 1945 చివరి వరకు మన్‌హటన్ ప్రాజెక్టుకు, అంటే అమెరికా రహస్యంగా నడిపిన అణుబాంబు పథకానికి, అయిన ఖర్చు దాదాపు 189 కోట్ల డాలర్లు. అందులో టెనెసీలోని ఓక్‌రిడ్జ్‌కు 119 కోట్లు పోయాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫోర్డ్‌కు 39 కోట్లు. కథలన్నీ చుట్టూ తిరిగే, న్యూమెక్సికోలోని లాస్ అలమోస్ ప్రయోగశాలకు 7.4 కోట్లు. అంటే నూటికి నాలుగు. బాంబును బాంబుగా బిగించిన చోట ఖర్చయింది అంతే. మిగతాదంతా దాదాపుగా ఆ బాంబులో పెట్టాల్సిన కొద్దిపాటి లోహం కోసం.

అందుకే నేననేది: ఆ యుద్ధంలో బాంబు ఎవరికి దక్కాలి, ఎప్పుడు దక్కాలి అన్నది తేలింది సరుకు స్వచ్ఛత దగ్గర, కాయిళ్ళ వైండింగు దగ్గర, డబ్బా మూత అతుకు దగ్గర. సిద్ధాంతం అందరి దగ్గరా ఉంది. 1938 డిసెంబరులో బెర్లిన్‌లో హాన్, స్ట్రాస్‌మన్ యురేనియం పగలడాన్ని పట్టుకున్నారు. అదే క్రిస్మస్‌కు స్వీడన్‌లో లీజె మైట్నర్, ఆమె అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్ దానికి అర్థం చెప్పారు. 1939లో ఆ పేపర్లు లోకమంతా చదివింది. దాచడానికి అక్కడ రహస్యమేమీ మిగల్లేదు.

ఐన్‌స్టైన్ ఉత్తరం సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. 1939 ఆగస్టు 2 తేదీతో ఉన్న ఆ ఉత్తరం వెనక ఉన్నది భౌతికవేత్త లియో సిలార్డ్. అక్టోబరు 11న అది అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ చేతికి చేరింది. పడవలో పెట్టి రేవులో పేల్చే బాంబు గురించి అందులో రాశారు, విమానం మోయలేనంత బరువు ఉండొచ్చని కూడా. ఫలితంగా ఒక కమిటీ పుట్టింది, ఆ కమిటీ తొలి విడతగా 6,000 డాలర్లు ఇచ్చింది. ప్రపంచాన్ని మార్చిన ఉత్తరం అని మనం చెప్పుకునేదాని తక్షణ ఫలం అదీ.

నిజంగా బండిని కదిలించిన కాగితం వేరే. 1940 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో ఫ్రిష్, రుడాల్ఫ్ పైయర్ల్స్ కలిసి రాసిన కొద్ది పేజీల నోటు. ఇద్దరూ శరణార్థులే. శత్రుదేశం నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి రాడార్ లాంటి రహస్య పనుల దగ్గరికి రానివ్వలేదు. తీరిక దొరికింది, దీని మీద కూర్చున్నారు. యురేనియంలో బాంబుకు పనికొచ్చేలా గొలుసుగా పగిలే రకం, యురేనియం-235, ఒక్కదాన్నే వేరు చేయగలిగితే ఎంత కావాలి అని లెక్క వేశారు. వాళ్ళకు వచ్చిన అంకె అసలు కంటే బాగా తక్కువ. అయినా ముఖ్యమైన మాట దొరికింది: కావాల్సింది టన్నుల్లో కాదు, కిలోల్లో. బ్రిటన్‌లో మాడ్ కమిటీ దాని మీద పనిచేసి 1941 జులైలో నివేదిక ఇచ్చింది. ఆ ప్రతి వాషింగ్టన్ చేరితే అమెరికా యురేనియం కమిటీ అధ్యక్షుడు లైమన్ బ్రిగ్స్ ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆగస్టులో బ్రిటన్ నుంచి భౌతికవేత్త మార్క్ ఒలిఫంట్ సముద్రం దాటి వచ్చి అడిగితే గానీ సంగతి బయటపడలేదు. ఆఫీసు ఫైళ్ళ గతి ఏ దేశంలోనైనా ఒకటే.

కిలోలు చాలు అన్నారు సరే, ఆ కిలోలు ఎలా? ప్రకృతిలో దొరికే యురేనియంలో 235 రకం వెయ్యికి ఏడు పాళ్ళు. మిగిలిందంతా 238. రెండింటి రసాయన గుణాలు ఒకటే. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు కూడా కాదు, రాళ్ళైతే కనీసం కంటికి తెలుస్తాయి. ఇది బియ్యంలోంచి కొంచెం తేలికైన బియ్యపు గింజలు ఏరడం. రెండో దారి, ఆ 238నే రియాక్టర్‌లో పెట్టి కొత్త మూలకంగా మార్చడం. 1941లో బర్క్‌లీలో సీబోర్గ్ బృందం కనిపెట్టిన ప్లుటోనియం అది. దీన్ని రసాయనాలతో వేరు చేయొచ్చు. కానీ ముందు రియాక్టర్ నడవాలి, దానికి న్యూట్రాన్ల, అంటే యురేనియాన్ని పగలగొట్టే కణాల, వేగం తగ్గించే పదార్థం కావాలి. గ్రాఫైట్ (ఒక రకం కర్బనం) లేదా భారజలం (బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు). జర్మనీ, అమెరికాల దారులు విడిపోయింది ఇక్కడే.

1941 జనవరిలో హైడెల్‌బర్గ్‌లో వాల్టర్ బోతె గ్రాఫైట్‌ను కొలిచి, ఇది న్యూట్రాన్లను మరీ ఎక్కువగా మింగేస్తోంది, పనికిరాదు అని తేల్చాడు. బోతె కొలవడం రాని మనిషి కాదు, తర్వాత నోబెల్ అందుకున్నవాడు. తేడా సరుకులో ఉంది. కర్బన పరమాణువు న్యూట్రాన్‌ను మింగడం చాలా అరుదు. బోరాన్ దానికి పూర్తి విరుద్ధం, ఒక్క బోరాన్ పరమాణువు దాదాపు రెండు లక్షల కర్బన పరమాణువులకు సమానం. అంటే రెండు లక్షల్లో ఒక్కటి బోరాన్ కలిసినా మింగుడు రెట్టింపు అవుతుంది. మామూలు రసాయన పరీక్షలో అది శుద్ధమైన గ్రాఫైట్ అనే వస్తుంది. పెట్రోలియం కోక్‌ను తారుతో ముద్ద చేసి, విద్యుత్ కొలిమిలో రోజుల తరబడి కాలిస్తే గ్రాఫైట్ అవుతుంది. బోరాన్ మరక ఆ కోక్‌తోనే వస్తుంది.

న్యూయార్క్‌లో భౌతికవేత్త ఎన్రికో ఫెర్మికి, సిలార్డ్‌కు మొదట దొరికిన గ్రాఫైట్ కూడా ఇలాంటిదే. అయితే సిలార్డ్‌కు కెమికల్ ఇంజనీర్ బుర్ర ఉంది. కార్బన్ కంపెనీల రసాయనవేత్తలతో కూర్చుని బోరాన్ గురించి అడిగాడు, వేరే కోక్‌తో చేయించాడు. పైగా 1940లో ఆ కొలతను ప్రచురించవద్దని ఫెర్మిని పట్టుబట్టి ఒప్పించాడు. జర్మనీలో కూడా మరక సంగతి గమనించినవాళ్ళు లేకపోలేదు, విల్హెల్మ్ హాన్లె చెప్పాడు. అంత శుద్ధమైన గ్రాఫైట్ చేయించడం కంటే నార్వే నుంచి భారజలం తెప్పించుకోవడమే చౌక అని సైన్యం లెక్క వేసుకుంది. కాబట్టి ఇదంతా బోతె తప్పు అని రాసేవాళ్ళతో నేను ఏకీభవించను. అది కొనుగోలు విభాగం తీసుకున్న నిర్ణయం. నార్వేలో వేమోర్క్ దగ్గరున్న ఆ ఒక్క భారజలం ఫ్యాక్టరీ మీద జర్మనీ ఆశ పెట్టుకుంది. 1943 ఫిబ్రవరిలో నార్వే యోధులు దాన్ని పేల్చారు, 1944 ఫిబ్రవరిలో మిగిలిన భారజలం మోస్తున్న ఫెర్రీని చెరువులో ముంచారు. భారజలం తయారీ ఎంత విద్యుత్తు, ఎంత ఆవిరి తినే పనో మణుగూరు ప్లాంటు చుట్టుపక్కల ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు.

షికాగోలో 1942 డిసెంబరు 2న నడిచిన తొలి రియాక్టర్ గురించి అందరూ రాశారు, నేను తొందరగా దాటేస్తాను. 57 వరసలు, దాదాపు 350 టన్నుల గ్రాఫైట్, పుట్టిన శక్తి అర వాట్. టార్చిలైటు బల్బుకు కూడా చాలదు. రెండేళ్ళలోపు దాన్ని 25 కోట్ల వాట్లకు పెంచాలి. ముడిసరుకు మాత్రం అదృష్టం కొద్దీ ముందే వచ్చి ఉంది. బెల్జియన్ కాంగోలోని షింకొలొబ్వె గని నుంచి తెచ్చిన 1,200 టన్నుల ఖనిజాన్ని గని కంపెనీ అధిపతి ఎడ్గర్ సెంజియర్ 1940లోనే న్యూయార్క్ దగ్గర స్టాటెన్ ఐలాండ్ గోదాములో పెట్టించాడు. అందులో యురేనియం ఆక్సైడ్ నూటికి 65 పాళ్ళు. కడప జిల్లా తుమ్మలపల్లె ఖనిజంలో నూటికి పదోవంతు పాలు కూడా ఉండదు. అలాంటి గని మళ్ళీ ఎవరికీ దొరకలేదు.

ఓక్‌రిడ్జ్‌లో ఒకే పనికి మూడు ఫ్యాక్టరీలు కట్టారు. ఏది పనిచేస్తుందో తెలియదు గనక అన్నీ కట్టేశారు. ప్రాజెక్టును నడిపిన జనరల్ గ్రోవ్స్ పద్ధతి అది: తప్పు దారిలో పోయిన డబ్బు కంటే పోయిన నెల ఖరీదెక్కువ.

మొదటిది వై-12. యురేనియం ఆవిరికి విద్యుదావేశం ఇచ్చి అయస్కాంతం మధ్య వంపు తిప్పితే తేలికైనది కాస్త ఎక్కువ వంగుతుంది, రెండు వేరువేరు డబ్బాల్లో పడతాయి. యంత్రం పేరు కాల్యుట్రాన్. పెద్దపెద్ద విద్యుదయస్కాంతాలు కావాలి, వాటికి కాయిళ్ళు కావాలి, రాగి అంతా తూటాలకూ తీగలకూ పోతోంది. గ్రోవ్స్ కింద పనిచేసే కర్నల్ నికల్స్ ఖజానా శాఖకు వెళ్ళి కొన్ని వేల టన్నుల వెండి అప్పు అడిగాడు. ఇక్కడ వెండిని టన్నుల్లో మాట్లాడం, ట్రాయ్ ఔన్సుల్లో మాట్లాడతాం అని జవాబు వచ్చింది. చివరికి తీసుకున్నది 14,700 అమెరికా టన్నులు, మన లెక్కలో 13,300 టన్నులకు పైనే. కాపలా మధ్య కరిగించి, పట్టీలుగా సాగదీసి కాయిళ్ళు చుట్టారు. పని అయ్యాక నేల మీది చెక్కలు పీకి కాల్చి, బూడిదలోంచి కూడా వెండి రాబట్టారు. మన కంసాలి కొట్టు ఊడ్పులు కడిగినట్టే. మొత్తం మీద పోయింది పదివేలకు నాలుగు పాళ్ళ లోపు. చివరి కడ్డీలు ఖజానాకు తిరిగి చేరింది 1970లో.

అంత వెండి పోసి కట్టిన తొలి యంత్రాల వరస 1943 చివర్లో ఆన్ చేస్తే ఏమైంది? రెండు పాట్లు. అయస్కాంతం లాగుడుకు 14 టన్నుల వాక్యూమ్ ట్యాంకులు మూడంగుళాల దాకా పక్కకు జరిగాయి, పైపులు గుంజుకుపోయాయి. ట్యాంకులను నేలకు బిగించి ఆ సంగతి సరిచేశారు. రెండోది మొండిది: కాయిళ్ళు షార్టయ్యాయి. విప్పి చూస్తే, చల్లబరిచే నూనెలో తేమ, తుప్పు రేణువులు, చుట్టు చుట్టుకూ మధ్య ఎడం చాలదు. పక్కనున్న మోటారు వైండింగు షాపు మేస్త్రీ అయినా చూసి చెప్పగలిగే లోపం. డిసెంబరులో గ్రోవ్స్ వరస మొత్తాన్ని ఆపించి, అయస్కాంతాలను విస్కాన్సిన్‌లోని మిల్వాకీకి, తయారుచేసిన ఫ్యాక్టరీకే శుభ్రం చేసి మళ్ళీ చుట్టడానికి పంపాడు. నెలలు పోయాయి. నడిచాక ఇంకో తలనొప్పి. పోసిన యురేనియంలో చాలాభాగం డబ్బాల్లోకి రాకుండా లోపలి గోడలకు అంటుకునేది. ట్యాంకు విప్పడం, గీకడం, ఆమ్లంతో కడగడం, రాబట్టి మళ్ళీ పోయడం. మీటలు తిప్పింది ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన, హైస్కూలు చదువు అయిన అమ్మాయిలు. తాము ఏం చేస్తున్నదీ వాళ్ళకు చెప్పలేదు. ముల్లు గీత దాటకుండా చూడమన్నారు, చూశారు.

రెండోది కె-25. యురేనియం హెక్సాఫ్లోరైడ్ వాయువును సన్నని రంధ్రాల నికెల్ జల్లెడ గుండా తోస్తే తేలికది కాస్త ముందు దాటుతుంది. ఎంత ముందు? అణుభారాలు 349, 352. వాటి నిష్పత్తికి వర్గమూలం 1.0043. ఒక్కో దశలో మహా అయితే వెయ్యికి నాలుగు పాళ్ళ లాభం. అందుకే వేల దశలు. అందుకే U ఆకారంలో, ఒక్కో చెయ్యి 800 మీటర్ల భవనం. ఆ వాయువు తగిలితే గ్రీజు బతకదు, తేమ తగిలితే గడ్డకట్టి రంధ్రాలు మూసుకుపోతాయి. పంపులకు గ్రీజు లేని సీళ్ళు, అతుకు అతుక్కూ హీలియంతో లీకు పరీక్ష. భవనం లేచిపోతోంది గానీ లోపల పెట్టాల్సిన జల్లెడ మాత్రం తేలలేదు. మొదటి రకం పెళుసు. 1944 జనవరిలో గ్రోవ్స్ రకం మార్చమన్నాడు, దాని కోసం కట్టిన ఫ్యాక్టరీలోని యంత్రాలను పీకేసి కొత్తవి పెట్టించాడు.

మూడోది ఎస్-50. నౌకాదళం తరఫున ఫిలిప్ ఏబెల్సన్ చేసిన పద్ధతి: వేడి గొట్టానికీ చల్లని గొట్టానికీ మధ్య ద్రవాన్ని ఉంచితే తేలికది పైకి చేరుతుంది. 48 అడుగుల స్తంభాలు 2,142, ఆవిరి కె-25 పవర్‌హౌస్ నుంచి. విడిగా చూస్తే దండగమారి పద్ధతి. 0.7 శాతాన్ని 0.9 దాకా కూడా ఈడ్వలేదు. కానీ 1944లో ఎవరికో తట్టాల్సిన మాట తట్టింది: మూడింటినీ పోటీకి పెట్టడం ఎందుకు, ఒకదాని వెనక ఒకటి పెడదాం. ఎస్-50 కాస్త ఎత్తి ఇస్తే కె-25 ఇంకాస్త, చివరి మెరుగు వై-12. మొదట ఏ ఒక్కటీ ఒంటరిగా గట్టెక్కలేదు. హిరోషిమా మీద పడిన బాంబులోని యురేనియం ఈ దారిలోంచి వచ్చిందే. ఏరింది ఏరినట్టు పోగుచేస్తే 1945 జులైకి ఒక్క బాంబుకు సరిపోయింది. ఆ రకాన్ని ముందు పరీక్షించకపోవడానికి, రూపకల్పన మీద నమ్మకంతో పాటు, పరీక్షకు పెట్టే రెండో వాటా చేతిలో లేకపోవడం కూడా కారణమే.

ఇక హాన్‌ఫోర్డ్. కొలంబియా నది ఒడ్డున బి రియాక్టర్. కట్టింది ద్యూపాన్ కంపెనీ. మొదటి ప్రపంచ యుద్ధంలో మందుగుండు అమ్మి బలిశారన్న చెడ్డపేరు ఇంకా పోలేదు గనక ఈసారి లాభం ఒక్క డాలరు చాలన్నారు. గ్రాఫైట్ దిమ్మె గుండా అడ్డంగా గొట్టాలు, గొట్టాల్లో యురేనియం ముక్కలు, ముక్కల చుట్టూ నది నీరు. ఒక్కో ముక్క జానెడు పొడవు, అల్యూమినియం డబ్బాలో బిగించి ఉంటుంది. నన్నడిగితే ఆ ప్రాజెక్టులోకెల్లా కష్టమైన పని ఆ డబ్బా మూసి అతకడమే. సూదిమొన కన్నం ఉన్నా నీరు లోపలికి చేరి యురేనియం ఉబ్బుతుంది. ఉబ్బితే గొట్టంలో ఇరుక్కుంటుంది. ఇరుక్కుంటే నీరు ఆగుతుంది, తర్వాత సంగతి చెప్పేదేముంది. గాలి బుడగ మిగిలినా ప్రమాదమే, అక్కడ వేడి దాటదు. 1944 వేసవి దాకా డబ్బాలు అతకడం కుదరక, ఆవిరి పరీక్షలో బొబ్బలెక్కిన వాటిని ఏరి పారేస్తూ గడిపారు. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఈనాటికీ చేసే పనిలో ముఖ్యభాగం ఇదే, డబ్బా లోహం జిర్కోనియం మిశ్రమంగా మారింది అంతే.

1944 సెప్టెంబరు 26 రాత్రి రియాక్టర్ మొదలైంది. ఫెర్మి అక్కడే ఉన్నాడు, మారుపేరు ఫార్మర్. అర్ధరాత్రి దాటాక శక్తిని 90 లక్షల వాట్లకు పెంచారు. అప్పటికి భూమ్మీద ఏ రియాక్టరూ అంత నడవలేదు. కొన్ని గంటలు నిలకడగా ఉంది. తర్వాత ముల్లు మెల్లగా దిగసాగింది. ఆపరేటర్లు న్యూట్రాన్లను మింగే కంట్రోలు కడ్డీని కాస్త బయటికి లాగారు, నిలబడింది, మళ్ళీ దిగింది. ఇంకాస్త లాగారు. పగలంతా ఇదే. సాయంత్రానికి లాగడానికి కడ్డీ మిగల్లేదు, రియాక్టర్ దానంతట అదే చచ్చిపోయింది. గొట్టం లీకై నీరు గ్రాఫైట్‌లోకి పోయిందా? నది నీటిలో బోరాన్ ఉందా? వెతికారు, దొరకలేదు. మర్నాడు తెల్లారేసరికి అది మెల్లగా మళ్ళీ ప్రాణం పోసుకుంటోంది. లీకైతే దానంతట అది బాగుపడదు కదా.

భౌతికవేత్త జాన్ వీలర్ ఆ ఎత్తుపల్లాల సమయాలు చూసి లెక్క కట్టాడు. యురేనియం పగిలినప్పుడు వచ్చే ముక్కల్లో అయోడిన్-135 ఒకటి, ఆరున్నర గంటలకు కాస్త పైన సగమై జెనాన్-135గా మారుతుంది. జెనాన్ తొమ్మిది గంటలకు సగమవుతుంది. న్యూట్రాన్లను మింగడంలో ఆ జెనాన్ బోరాన్‌ను కూడా వేల రెట్లు మించిపోయింది. రియాక్టర్ నడిచేకొద్దీ తన విషం తానే పోగుచేసుకుంటుంది, ఆగితే విషం విరుగుతుంది. ఫెర్మి అర వాట్ దగ్గర ఇది కనిపించే అవకాశమే లేదు. షికాగో దగ్గర ఉన్న చిన్న రియాక్టర్‌ను గంటల తరబడి పూర్తి శక్తితో నడిపి చూశారు, అదే నిజమని తేలింది.

విరుగుడు సిద్ధాంతపరంగా తేలికే, ఇంకా యురేనియం పెట్టాలి. పెట్టడానికి చోటేదీ? భౌతికవేత్తల లెక్క ప్రకారం గుండ్రంగా అమర్చిన 1,500 గొట్టాలు చాలు. కానీ ద్యూపాన్ ఇంజనీర్లు, ముఖ్యంగా జార్జ్ గ్రేవ్స్, అంతకుముందే మొండికేశారు. దిమ్మె ఎలాగూ చతురస్రం, మూలలు వృథా ఎందుకు, ఇంకో 504 కన్నాలు తొలుద్దాం, ఏం అవసరం పడుతుందో ఎవరికి తెలుసు అన్నారు. డబ్బు దండగ, కాలం దండగ అని అప్పట్లో భౌతికవేత్తలు విసుక్కున్నారు. ఏం తప్పు జరుగుతుందో ఇంజనీర్లకూ తెలియదు. ఏదో ఒకటి జరుగుతుందని మాత్రం తెలుసు. డిసెంబరుకు 2,004 గొట్టాలూ నింపారు, విషాన్ని మించి రియాక్టర్ నిలబడింది. 1945 ఫిబ్రవరి మొదట్లో తొలి ప్లుటోనియం లాస్ అలమోస్‌కు బయలుదేరింది. ఆ కన్నాలు లేకపోతే దిమ్మెను విప్పి మళ్ళీ కట్టాల్సి వచ్చేది. ఆగస్టు మాట దేవుడెరుగు.

లాస్ అలమోస్‌కు తగిలిన పెద్ద దెబ్బ కూడా ఈ సరుకు వల్లే. ముందు సైక్లోట్రాన్ అనే కణ యంత్రంలో చేసిన ప్లుటోనియంతో వేసుకున్న లెక్కలు, రియాక్టర్‌లో వండిన ప్లుటోనియం వచ్చాక తలకిందులయ్యాయి. రియాక్టర్‌లో ఎక్కువసేపు ఉంటే ప్లుటోనియం-240 కలుస్తుంది, అది తనంతట తానే పగులుతూ ఉంటుంది, బాంబులో ముక్కలు పూర్తిగా కలవకముందే తుస్సుమనిపిస్తుంది. సెగ్రె బృందం 1944లో ఇది కొలిచాక, జులైలో తుపాకీ తరహా, అంటే ఒక ముక్కను ఇంకో ముక్క మీదికి పేల్చి కలిపే, ప్లుటోనియం బాంబును వదిలేశారు. అన్ని వైపుల నుంచి ఒకేసారి లోపలికి నొక్కే పద్ధతి ఒక్కటే మిగిలింది, ఆగస్టులో ప్రయోగశాల మొత్తాన్ని దాని చుట్టూ తిప్పేశారు. అక్కడా చివరికి పోత పనే. తొలి అణు పేలుడు పరీక్ష ట్రినిటీకి ముందు వారంలో ఒక రాత్రి, పేలుడు పదార్థాల పని చూసే కిస్టియకోవ్‌స్కీ పంటి డాక్టరు డ్రిల్లు పట్టుకుని, పేలుడు పదార్థపు పోతల్లో ఉన్న బుడగలు తొలిచి పూడుస్తూ కూర్చున్నాడు.

క్యాలెండరు చూస్తే నా వాదనలో అసలు చేదు తగులుతుంది. జర్మనీ దగ్గర బాంబు లేదని, జర్మన్ల అణు పనుల ఆరా తీయడానికి అమెరికా పంపిన అల్సోస్ బృందానికి 1944 నవంబరులో స్ట్రాస్‌బుర్గ్‌లో దొరికిన కాగితాలతోనే అర్థమైంది. ఆ సంవత్సరాంతంలో లాస్ అలమోస్ వదిలి వెళ్ళిపోయిన భౌతికవేత్త జోసెఫ్ రోట్‌బ్లాట్ లాంటి మనిషి ఒక్కడే. 1945 మేలో జర్మనీ లొంగిపోయింది. ఓక్‌రిడ్జ్ షిఫ్టులు ఆగలేదు. జులై 16న ట్రినిటీ, ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి. రెండు దాడుల మధ్య మూడు రోజుల ఎడం ఎందుకని చాలామంది రాజకీయ కారణాలు వెతుకుతారు. రెండో బాంబు మొదట 11కు అనుకున్నారు, వాతావరణం చెడుతుందని 9కి జరిపారు. ఆ ఏడాది చివరికి రెండు ఊళ్ళలో కలిపి చనిపోయినవాళ్ళు రెండు లక్షలకు పైనే అని అంచనా.

నాగసాకి మర్నాడు, ఆగస్టు 10న, గ్రోవ్స్ సైన్యాధిపతి మార్షల్‌కు ఒక చిన్న నోటు పంపాడు. తర్వాతి బాంబు ఆగస్టు 24 తర్వాత అనుకున్నాం, తయారీలో నాలుగు రోజులు కలిసొచ్చాయి, ఆఖరి భాగాలు 12న గానీ 13న గానీ న్యూమెక్సికో నుంచి బయలుదేరతాయి, 17 లేదా 18 తర్వాత వాతావరణం అనుకూలిస్తే వేయొచ్చు అని. సరుకు ఎప్పుడు చేరుతుందో తెలిపే ఇన్‌వాయిస్‌లా ఉంటుంది ఆ కాగితం. దాని అడుగున మార్షల్ చేత్తో రాసిన వాక్యం ఉంది: అధ్యక్షుడి స్పష్టమైన అనుమతి లేకుండా దీన్ని జపాన్ మీద వేయరాదు.